అరువు సాక్ష్యం

పదకొండవ వారం

కిందటి వారం మనం కమలాకుమారిని చెప్పుల వరుస దగ్గర నిలబెట్టి వచ్చాం. లోపల, ఢిల్లీ పాలంలో సంఘం ఆదివారాలు అద్దెకు తీసుకునే ఆ స్కూలు హాల్లో, ఆమె భర్త వరప్రసాద్ మైకు పట్టుకుని, దేవుడు తన జీవితంలో ఏం చేశాడో సాక్ష్యం చెబుతున్నాడు. జూన్‌లో ఎయిర్‌ఫోర్స్ నుంచి రిటైరయ్యాక ఇంకో ఉద్యోగం వెతుక్కోనన్నాడు. ప్రభువు తనను సేవకు పిలిచాడనీ, ఆంధ్రాలో పాస్టరు చదువు చెప్పే సెమినరీకి అప్పుడే దరఖాస్తు కూడా పంపాననీ ఎనభై మంది ముందు ప్రకటించాడు. ఆ ఎనభై మందిలో ఆయన భార్య ఒకతె. ఆమెకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

కమల లేచి బయటికి వచ్చింది మాత్రం అందుకు కాదు. చెప్పకుండా నిర్ణయాలు తీసుకోవడం వరప్రసాద్‌కు కొత్త కాదు. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆరు బదిలీలూ ఆమెకు అట్టపెట్టెలు ఇంటికి వచ్చాకే తెలిశాయి. ఈ ఏడో బదిలీని కూడా పళ్ళు బిగబట్టి కూర్చుని వినేదే. ఆమెను చాప మీది నుంచి లేపింది ఒక బత్తాయి.

"పదిహేనేళ్ళ కిందట, అస్సాంలో జోర్హాట్ మిలిటరీ హాస్పిటల్లో," అని వరప్రసాద్ గొంతు తగ్గించాడు. చావుకు దగ్గరపడ్డ ఒక కార్పొరల్ ర్యాంకు జవాను తనను బైబిల్లోని కీర్తన చదవమన్నాడట. చదివితే, అర్థం చెప్పమన్నాడట. తనకు తెలియలేదట. "నేర్చుకుని రా ప్రసాద్ అన్నాడు. భోజనం చేసి వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి చుట్టేస్తున్నారు. పక్కన అల్మరా మీద సగం ఒలిచిన బత్తాయి అలాగే ఉంది."

ఆడవాళ్ళ వైపు ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. మగవాళ్ళ వైపు "స్తోత్రం, స్తోత్రం." కమల నేల మీద చెయ్యి ఆనించి లేచింది.

ఆరాధన అయ్యాక ప్రేమవిందు. నెలకొకసారి అందరూ వండి తెచ్చుకుని కలిసి తినే భోజనం. ఆ నెల చికెన్ కూర వంతు కమలది. గరిటె పట్టుకుని వడ్డిస్తూనే ఉంది, ఒక్కొక్కరూ వచ్చి చేతులు పట్టుకుంటూనే ఉన్నారు. 

"ఇక నిన్ను కమలా అనకూడదు, అమ్మగారూ అనాలి," అంది మాణిక్యం ఆంటీ. సంఘంలో అందరికంటే పెద్దావిడ, అందరి పెళ్ళిళ్ళూ తనే కుదిర్చినట్టు మాట్లాడే మనిషి. "మొగుడికి పిలుపొస్తే పెళ్ళానికి పుణ్యం. కుర్చీ వేసి కూర్చోబెడతారు చూడు."

"ఆ కుర్చీ కూడా నేనే తుడుచుకోవాలిగా ఆంటీ," అంది కమల. మాణిక్యం ఆంటీ పెద్దగా నవ్వి ఇంకో ముక్క వేయించుకుంది.

జనార్దనరావు అయ్యగారు పళ్ళెం పట్టుకుని వచ్చారు. పదేళ్ళుగా ఆ సంఘానికి పాస్టరు. "నా సిఫారసు లెటర్ రేపు రాసిచ్చేస్తానమ్మా. నీ సమ్మతి పత్రం ఒక్కటే మిగిలింది. దాని మీద సంతకం పెడితే పని అయిపోయినట్టే."

"ఇంటికెళ్ళి చదువుతానయ్యగారూ."

"చదవడానికేముంది తల్లీ, పెట్టెయ్యడమే."

*

రెండో అంతస్తు క్వార్టర్ బాల్కనీలో మధ్యాహ్నపు ఎండ పడుతోంది. ఫిబ్రవరి ఎండ. ఢిల్లీలో దాన్ని ఎవరూ ఊరికే పోనివ్వరు. కింది ఫ్లాట్ పంజాబీ ఆవిడ జుట్టు ఆరబెట్టుకుంటోంది. కమల చాప పరిచి, ఐదు కిలోల బఠాణీ కాయలు కుప్ప పోసి, ఫ్రీజరులో దాచడానికి ఒలుస్తోంది. కూతురు శరణ్య గోడకు ఆనుకుని ఫిజిక్స్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు ఇంకో పది రోజుల్లో.

వరప్రసాద్ గుమ్మంలో నిలబడ్డాడు. చర్చికి వేసుకున్న కోటు ఇంకా విప్పలేదు. చేతిలో సమ్మతి పత్రం, పెన్ను.

"ఎంతసేపిట్లా మాట్లాడకుండా ఉంటావు?"

"మాట్లాడేదంతా మీరు మైకులో మాట్లాడేశారుగా. నాకేం మిగిల్చారు?"

"ముందు నీకు చెప్పాల్సింది. తప్పే. చెబితే కాదంటావేమోనని..."

"ఎనభై మంది ఆమెన్ అన్నాక ఎట్లా కాదంటానులే అని." 

ఆమె గోరు కాయ వీపు మీద దిగింది. గింజలు గిన్నెలోకి గలగలమన్నాయి. విమానం ఒకటి డాబాల మీదుగా దిగుతుంటే ఇద్దరూ ఆగారు. పాలంలో పోట్లాటలు కూడా విమానాల టైము చూసుకునే సాగాలి.

"మూడేళ్ళే కమలా," అన్నాడు చప్పుడు తగ్గాక. "ఫ్యామిలీ క్వార్టర్ ఇస్తారు. రెండు గదులు. చుట్టూ చెట్లు. ఈ పొగ ఉండదు. శరణ్య హాస్టల్లో ఉండి ఇక్కడే డిగ్రీ చేసుకుంటుంది."

"నా వార్డు?"

"నర్సులకి ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది."

"మీరిచ్చిన సెమినరీ వివరాల పుస్తకం కార్లో చదివాను. విద్యార్థుల భార్యలకి రోజూ మధ్యాహ్నం క్లాసు. రాకపోతే కుదరదట. కుట్లు, సండేస్కూలు పాటలు, అతిథి మర్యాద. ఇక్కడ ద్వారకలో పద్దెనిమిది పడకల ఐసీయూ నడుపుతున్నాను. నాకు అతిథి మర్యాద నేర్పిస్తారు."

"సేవంటే వదులుకోవడమే కదా. నేను మాత్రం వదులుకోవట్లేదా? ఎయిర్‌లైన్స్ వాళ్ళు రమ్మంటున్నారు. గుర్‌గావ్‌లో ఆఫీసు, కారు. కాదన్నాను."

"మీది మీరు వదులుకోండి. నాది కూడా మీరే వదులుకుంటే ఎట్లా?"

వరప్రసాద్ ముందుకు వంగాడు. కాగితం చాప మీద పెట్టి, పెన్ను దాని మీద అడ్డంగా పెట్టాడు. "కోపం తగ్గాక చూడు. బలవంతం లేదు."

అతను వెనక్కి తిరగబోతుండగా అడిగింది.

"ఆ కార్పొరల్ పేరేమిటి?"

"ఏ కార్పొరల్?"

"జోర్హాట్‌లో పోయినవాడు. పొద్దున ఊరందర్నీ ఏడిపించారుగా. పేరు చెప్పండి."

వరప్రసాద్ తలుపు గడియ వైపు చూశాడు. అది సరిగ్గా బిగించి ఉందో లేదో చూసే మనిషిలా దాన్ని ఒకసారి కదిపాడు. ఇరవై ఆరేళ్ళు విమానాల ఫిట్టరుగా పనిచేసినవాడికి మాట తోచనప్పుడు చేతులకు ఏదో ఒక పని కావాలి.

శరణ్య తలెత్తింది. "క్యా హువా మమ్మీ? డాడీకి ఫ్రెండ్ కదా ఆ అంకుల్?"

"ఆ అంకుల్ పేరు కాంతమ్మ," అంది కమల.

*

కాంతమ్మ చీరాల దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్లో ఆకు కట్టే మనిషి. అరవై దాటాయో లేదో ఆమెకూ తెలియదు. ఊపిరితిత్తులు రెండూ పోయి మిషన్ ఆస్పత్రి ఆడవాళ్ళ వార్డులో పడుకుంది. కమలకు అప్పుడు ఇరవై ఏళ్ళు. నర్సింగు పాసై అక్కడే మొదటి ఉద్యోగం. కాంతమ్మకు చూడటానికి వచ్చేవాళ్ళు లేరు. అందుకని కమల డ్యూటీ మధ్యలో కాసేపు మంచం పక్కన కూర్చుని బైబిలు చదివేది. ఆ రోజు చదువుతూ బత్తాయి ఒలుస్తోంది.

"గిన్నె నిండి పొర్లుతుందంటన్నావు," అంది కాంతమ్మ. "ఎవరి గిన్నె బిడ్డా? నాదయితే ఎప్పుడూ పొర్లలా. మరి ఆ మాట నాకెందుకు చదవతన్నావు?"

కమల చేతులు ఆగిపోయాయి. చిన్నప్పటి నుంచి వచ్చిన కీర్తన అది. ఒక్కసారైనా ఎవరి గిన్నె అని అనుకోలేదు. ఒలవడానికి మిగిలిన సగం ఎలా ఒలవాలో కూడా మర్చిపోయినట్టయి, పండు అల్మరా మీద పెట్టేసింది.

"తెలవదా? తెలవకపోతే నేర్చుకుని రా," అంది కాంతమ్మ, సరుకు తీసుకురమ్మన్నంత మామూలుగా.

భోజనానికి వెళ్ళి వచ్చేసరికి దుప్పటి చుట్టేస్తున్నారు.

ఆ మాట పట్టుకునే కమల సెమినరీకి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ చేసిన ఐదుగురిలో ఒక్కరే ఆడమనిషి, లీలావతి టీచరు. "ఆ పండు సగంలో ఎందుకు వదిలేశావమ్మా?" అని ఆవిడే అడిగింది. చేతులు ఆగిన సంగతి కమల జీవితంలో ఆ ఒక్కసారే బయటికి చెప్పింది, తర్వాత భర్తకు కూడా చెప్పలేదు. సీటు వచ్చింది. ఆ నెలలోనే ఎయిర్‌ఫోర్స్ సంబంధమూ వచ్చింది. పెళ్ళయ్యాక పంపిస్తారులే అన్నారు ఇంట్లో. సెమినరీ వాళ్ళు కూడా ఒక ఏడాది ఆగుతామన్నారు.

కమల ఇదంతా కూతురికి అంత వివరంగా చెప్పలేదు. కాయలు ఒలుస్తూనే నాలుగు ముక్కల్లో చెప్పింది. నాలుగు ముక్కలూ నాలుగు దెబ్బల్లా పడ్డాయి.

"మీ డాడీ ఆ ముసలమ్మకి మీసాలు పెట్టాడు. యూనిఫాం తొడిగాడు. చీరాల నుంచి జోర్హాట్‌కి పోస్టింగ్ ఇచ్చాడు. కంగారులో బత్తాయి తియ్యడం మర్చిపోయాడు."

శరణ్య నవ్వబోయి ఆపుకుంది. తండ్రి ముఖం చూసి పుస్తకం మూసేసింది.

"తో ఆప్ గయీ క్యోం నహీ, మమ్మీ? సీటు వచ్చింది కదా. మరి ఎందుకు వెళ్ళలేదు?"

పదిహేడేళ్ళ పిల్ల. ఎవరినీ గుచ్చాలని అడగలేదు. కానీ ఆ ప్రశ్న వినగానే వరప్రసాద్ "శరణ్యా, లోపలికెళ్ళి చదువుకో," అన్నాడు.

"ఉండనీయండి," అంది కమల. "ఇవాళ సాక్ష్యాల ఆదివారమేగా. అందరూ వినొచ్చు."

బఠాణీ తొక్కలు ఒళ్ళోంచి దులుపుకుని లేచి నిలబడింది.

"భుజ్‌లో మన మొదటి క్వార్టరు. పెళ్ళయి నెల కూడా కాలేదు. మీరు ఊయల మంచం మీద కూర్చుని టీ తాగుతున్నారు. కాంతమ్మ సంగతి చెప్పి, వచ్చే జూన్‌లో చేరతానని అడిగాను. మీరేమన్నారో గుర్తుందా?"

"అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు కమలా."

"వయసు అడగలేదు. ఏమన్నారు?"

అతను కోటు గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను చెబుతాను. అది పిలుపు కాదు కమలా, జాలి అన్నారు. ఆడవాళ్ళకి జాలి తొందరగా పుడుతుంది, పిలుపు వేరు అన్నారు. ఎంత నెమ్మదిగా చెప్పారంటే నేను నమ్మాను. నాకు వచ్చింది పిలుపు కాదనిపిస్తోందని లీలావతి టీచరుకి నా చేత్తో ఉత్తరం రాశాను. నా సీటు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను. ఆవిడ కార్డు రాసింది, నీ సాక్ష్యం నా దగ్గర భద్రంగా ఉంది, ఎప్పుడు కావాలన్నా అడుగు అని. సిగ్గేసి జవాబు రాయలేదు. ఇరవై ఒక్క ఏళ్ళు ఆ ముసలమ్మ గుర్తొచ్చినప్పుడల్లా, ఛీ, ఇది జాలే అని నన్ను నేను తిట్టుకున్నాను." 

ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని వరప్రసాద్‌కు అనిపించి ఉంటుంది.

"నా నోట్లో ఉన్నంతకాలం జాలి. మీ నోట్లోకి రాగానే పిలుపైందా?"

కింద జుట్టు ఆరబెట్టుకుంటున్న పంజాబీ ఆవిడకు తెలుగు రాదు. అయినా దువ్వెన ఆపి పైకి చూసింది.

వరప్రసాద్ గుమ్మం మీద కూర్చుండిపోయాడు. కోటు భుజాల దగ్గర ఎగదన్నింది.

"నాకేమీ జరగలేదు కమలా," అన్నాడు. "ఆ ఫారంలో ఒక పేజీ ఖాళీగా ఇచ్చారు. పిలుపు ఎప్పుడు, ఎలా వచ్చిందో రాయమని. నాలుగు రోజులు దాని ముందు కూర్చున్నాను. అందరికీ ఏదో జరుగుతుంది. ఒకడికి యాక్సిడెంట్, ఒకడికి కల, ఒకడికి జబ్బు తగ్గడం. ఇన్నేళ్ళూ విమానాల కింద పడుకుని రివెట్లు చూసినవాడికి ఏం జరుగుతుంది? చదువుకోవాలని ఉంది, అంతే. రోజూ చదివేదాంట్లో సగం నాకు అర్థం కాదు. అర్థం చేసుకుని చావాలని ఉంది. అంతే అని రాస్తే సీటు ఎవరిస్తారు?"

కమల కోపం ఒక్క క్షణం కాలు నిలదొక్కుకోలేకపోయింది. ఆ మాటలు ఆమెకు తెలిసినవే. కాంతమ్మ మంచం పక్కన తనూ అదే అనుకుంది.

"అదే రాయాల్సింది," అంది. "ఆ ఒక్క మాట మీ సొంతం. అది రాసి నాకు చూపించి ఉంటే, తిట్టుకుంటూనే అయినా సంతకం పెట్టేదాన్నేమో." వంగి సమ్మతి పత్రం తీసుకుంది. "ఇందులో మొదటి వాక్యం మీరు చదివారా? నా భర్తకు కలిగిన పిలుపు నిజమైనదని నేనెరుగుదును. దీని కింద నా సంతకం కావాలి మీకు. నాది నా దగ్గర తీసుకుని, అది మీదేనని నా చేతే రాయించుకుంటారా?"

"ఏం చెయ్యమంటావు? చెప్పు."

"బుధవారం ప్రార్థన కూటం ఉంది. అదే మైకు పట్టుకోండి. ఆ కథ ఎవరిదో చెప్పండి. ఫారం వెనక్కి తెప్పించి మీ మాట మీరు రాసి పంపండి. అప్పుడు సీటు వస్తే వెళ్ళండి. నేను రావాలా వద్దా అన్నది ఆ తర్వాత నేను చెబుతాను."

"అయ్యగారి ముందు, సంఘం ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? నువ్వు నా పక్షాన..."

"నా మొహం ఎక్కడ పెట్టుకున్నానో మీరెప్పుడైనా వెతికారా?"

శరణ్య లేచి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. కాయలు ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. పరీక్షల పేరు చెప్పి నెల్లాళ్ళుగా మంచినీళ్ళ గ్లాసు కూడా కడగని పిల్ల.

అప్పుడే గదిలో కమల ఫోను మోగింది.

*

తెలియని నంబరు. "హలో, కౌన్?" అంది కమల అలవాటుగా.

"కమలాకుమారి గారేనా అమ్మా?" అవతల వయసు మళ్ళిన ఆడగొంతు. తెలుగు. ఒక్కో మాటా విడదీసి పలికే పాఠాల గొంతు. "సెమినరీ నుంచి మాట్లాడుతున్నాను. దరఖాస్తుల కమిటీలో నేనొకదాన్ని. పెళ్ళయినవాళ్ళ భార్యలతో విడిగా మాట్లాడటం మా పద్ధతి. ఫారంలో నీ నంబరు ఉంది."

కమల ఫోను పట్టుకుని బాల్కనీ గుమ్మం దాకా వచ్చింది. ఆ గొంతు ఎప్పుడో విన్నట్టే ఉంది.

"చెప్పండి."

"నేను లీలావతిని."

కమల తలుపు పట్టుకుంది. వరప్రసాద్ ఆమె ముఖం చూసి లేచి నిలబడ్డాడు.

"నీ పేరు చూసి అనుమానం వచ్చింది. ఇంకెవరైనా కావచ్చు అనుకున్నాను. తర్వాత మీ ఆయన సాక్ష్యం చదివాను. పేజీ నిండా రాశాడు. చదివి లేచి వెళ్ళి బీరువా తీశాను." అవతల కాగితాల చప్పుడు. "నువ్వు అప్పట్లో రాసినది తెచ్చి పక్కన పెట్టుకున్నాను తల్లీ. మంచం అదే. దుప్పటి అదే. బత్తాయి కూడా అదే. మనిషి మాత్రం మారాడు. రేపు పదింటికి మొదటి వడపోతకు కమిటీ కూర్చుంటుంది. నేను నోరు విప్పితే అతని దరఖాస్తు అక్కడితో సరి. విప్పకపోతే ఈ వయసులో నా మీద నాకే అసహ్యం. అందుకే ముందు నిన్నడుగుతున్నాను. ఇది ఎవరిది?"

వరప్రసాద్‌కు మాటలన్నీ వినబడలేదు. పేరు వినబడింది. బత్తాయి వినబడింది. వద్దన్నట్టు చెయ్యి కొద్దిగా ఎత్తాడు. ఇంట్లో ఎప్పుడూ ఎవరినీ బతిమాలని చెయ్యి అది. ఎలా బతిమాలాలో దానికి తెలియక గాల్లోనే ఆగింది.

కమల ఆ చేతిని చూసింది. ఒక్క మాట చాలు. ఇంకేముంది, నిజం చెప్పేస్తే మూడేళ్ళ క్వార్టరూ లేదు, కుట్ల క్లాసూ లేదు. ఐసీయూ తనకే ఉంటుంది. కానీ ఆ మాట తను అంటే, రేపటి నుంచి ఈ ఇంట్లో మొగుడి పిలుపును ఆర్పేసిన పెళ్ళాం తనే అవుతుంది. మాణిక్యం ఆంటీ ఆ కథను ప్రేమవిందు ప్రేమవిందుకీ వడ్డిస్తుంది. తనది తనకు దక్కినా, మళ్ళీ తప్పు తనదే అవుతుంది.

"ఆయన ఇక్కడే ఉన్నారు టీచర్ గారూ," అంది. స్పీకరు నొక్కి, వంగి, ఫోనును చాప మీద, సంతకం లేని ఆ కాగితం మీద పెట్టింది. "రాసినవాళ్ళనే అడగండి."

విమానం ఒకటి దిగుతోంది. బాల్కనీ ఊచలు సన్నగా వణికాయి. శరణ్య చేతిలో సగం విప్పిన కాయ అలాగే ఉంది. చప్పుడు నెమ్మదిగా ద్వారక వైపు సాగిపోయింది. వరప్రసాద్ మోకాళ్ళ మీద చాప పక్కన కూర్చున్నాడు.

"నాయనా వరప్రసాద్," అంది ఫోను. కోపం లేదు ఆ గొంతులో. బడిలో బల్ల ముందు నిలబెట్టి అడిగే ఓపిక ఉంది. "ఒక్కటే అడుగుతాను. ఆ బత్తాయి సగంలో ఎందుకు ఆగిపోయింది?"

అతను తలెత్తి భార్య వైపు చూశాడు. కమల చూపు తిప్పుకోలేదు. జవాబూ ఇవ్వలేదు.